పాటకు పాత ఆంప్లిఫయర్, మాటకు సౌండ్‌బార్

కోయిలకుంట్ల చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో టీవీ గోడ ముందు నిలబడితే ముప్పై ఏళ్ళ వినికిడి చరిత్ర ఒక్కచోట కనబడుతుంది. గోడకు పల్చని కొత్త టీవీ. దాని కింద రెండు మూరల పొడవున నల్లటి సౌండ్‌బార్. పక్క గూట్లో గుడ్డ కప్పిన ఆంప్లిఫయర్, దాని మీద డీవీడీ ప్లేయర్, ఇంకా పాత ఇల్లయితే క్యాసెట్ డెక్కు. మూలల్లో పెద్ద చెక్కపెట్టె స్పీకర్లు. సౌండ్‌బార్ ఇంటికొచ్చాక చాలామంది ఈ పాత సామానును అటకెక్కిస్తారు, లేకపోతే పాత ఇనుము బండికి వేస్తారు. అలా వెయ్యనివ్వకుండా కొత్తదాన్నీ పాతవాటినీ ఒక జట్టుగా కూర్చి పనిచేయించే మెకానిక్కులు మన చిన్న ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ పనితనాన్ని దగ్గరగా చూపించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

వీళ్ళలో ఎక్కువమంది రేడియో రిపేరుతోనో, మైకుసెట్ల దగ్గరో పని మొదలుపెట్టినవాళ్ళు. పెళ్ళికీ తిరునాళ్ళకూ హారన్లు కట్టారు. సాన్యో వాళ్ళ 4440 ఐసీతో చిన్న ఆంప్లిఫయర్లు, 5200, 1943 ట్రాన్సిస్టర్ల జతలతో పెద్ద ఆంప్లిఫయర్లు సొంతంగా బిగించి అమ్మారు. కంపెనీ సెట్టు కొనలేని ఇళ్ళకు పాట వినిపించింది ఈ అసెంబుల్డ్ సెట్లే. అందుకే ఏ పెట్టె మూత విప్పినా లోపల ఏది దేనికి ఉందో వాళ్ళ వేళ్ళకు తెలుసు. సౌండ్‌బార్ వాళ్ళకు కొత్త వస్తువే కానీ దాని లోపలి పని కొత్త కాదు.

వెనకవైపు చదువు

కోయిలకుంట్లలో పదవీ విరమణ చేసిన ఒక పంతులుగారింట్లో ఇలాంటి పని మొదటినుంచి చివరిదాకా చూశాను. ఇంట్లో ఉన్నవి పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు చెక్కపెట్టెలు, క్యాసెట్ డెక్కు, డీవీడీ ప్లేయర్. పట్నంలో ఉన్న కొడుకు కొత్త టీవీ, సౌండ్‌బార్ తెచ్చాడు. అన్నీ కలిసి పనిచేయాలని పంతులుగారి కోరిక. సౌండ్‌బార్‌ను పాత ఆంప్లిఫయర్‌కు కలిపేస్తే సరిపోతుందని కొడుకు అభిప్రాయం.

మెకానిక్ వచ్చీ రాగానే తీగల సంచి విప్పలేదు. టార్చి తీసుకుని ఒక్కో పెట్టెనూ వెనక్కి తిప్పి చూశాడు. నోటుపుస్తకం కాగితం మీద ప్రతి పెట్టెకూ ఒక గడి గీసి, దాని వెనకున్న రంధ్రాలన్నీ రాసుకున్నాడు. ఒక్కోదాని పక్కన రెండు మాటల్లో ఒకటి రాశాడు: ‘ఇచ్చేది’ లేదా ‘తీసుకునేది’. ఇచ్చేదాన్నుంచి తీసుకునేదానికే తీగ వెళ్ళాలి. రెండు ఇచ్చేవాటిని కలిపితే పని జరగదు, ఒక్కోసారి వస్తువే పోతుంది. చూడ్డానికి చిన్న సంగతే. కానీ రంధ్రాలన్నీ ఒకే ఆకారంలో, ఒకే ఎరుపు తెలుపు రంగుల్లో ఉన్నప్పుడు ఈ కాగితం ఒక్కటే దారి చూపుతుంది.

కాగితం పూర్తయ్యాక మెకానిక్ పంతులుగారి కొడుకుతో అన్న మాట ఇది. “సార్, సౌండ్‌బార్ అంటే ఉత్త స్పీకరు కాదు. ఆంప్లిఫయర్ దాని కడుపులోనే ఉంది. మీ పాత ఆంప్లిఫయర్ దాన్ని మోయాల్సిన పని లేదు. మీ పెట్టెల్ని మోసే తాహతు దానికి లేదు. ఇద్దరికీ టీవీ దగ్గర్నుంచి వేరేవేరే దారి తీస్తాం.”

ఈ నాలుగు మాటల్లో అసలు విషయమంతా ఉంది. మామూలు సౌండ్‌బార్ వెనక బయటి స్పీకర్లకు తీగ బిగించే చోటు ఉండదు. దానితో వచ్చే వైర్‌లెస్ సబ్‌వూఫర్ కూడా తన జత బార్ మాటే వింటుంది. కాబట్టి పాత పెట్టెలు మోగాలంటే పాత ఆంప్లిఫయరే మోగించాలి. తీగలు ఎన్ని ఉన్నా, ఎవరు ఏ పని చెయ్యాలో ముందు తేల్చుకోకపోతే ఏదీ కుదరదు.

నాలుగు స్థాయిల ప్రవాహం

తరవాత తేలాల్సింది సిగ్నల్ బలం. రికార్డు ప్లేయర్ సూది దగ్గర పుట్టే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు. క్యాసెట్ డెక్కు, డీవీడీ ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్ ఎరుపు తెలుపు రంధ్రాల నుంచి వచ్చేది మూడో వంతు వోల్టు మొదలు రెండు వోల్టుల దాకా ఉంటుంది. దీన్ని లైన్ లెవెల్ అంటారు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకరుకు పోయేది ఇంకా పెద్దది. 8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్లు పోతున్నాయంటే ఆ తీగలో 20 వోల్టులు ఉన్నట్టు. నాలుగోది డిజిటల్. అందులో సంగీతం అంకెల రూపంలో నడుస్తుంది, దానికి ఈ కొలతలు వర్తించవు.

ఆళ్లగడ్డ వైపు కె.సి. కాలువ కింద సేద్యం చేసిన ఏ రైతుకైనా ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. పెద్దకాలువ నీళ్ళను తూము లేకుండా పిల్లకాలువలోకి వదిలితే గట్టు తెగుతుంది, పిల్లకాలువ నీళ్ళతో పెద్దకాలువ నింపబోతే మడి తడవదు. స్పీకరు తీగను సౌండ్‌బార్ ఆక్స్ రంధ్రంలో, అంటే బయటి పెట్టె నుంచి లైన్ లెవెల్ తీసుకునే చోట, గుచ్చితే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. రికార్డు ప్లేయర్‌ను నేరుగా అదే రంధ్రానికి కలిపితే చీమ మాట్లాడినట్టు వినబడుతుంది. ఆ సన్నటి సిగ్నల్‌కు మధ్యలో ఫోనో ప్రీఆంప్లిఫయర్ కావాలి. అది బలం పెంచడమే కాకుండా, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని, పెంచిన తారాన్ని మళ్ళీ సమం చేస్తుంది. 1950ల నుంచి రికార్డు కంపెనీలన్నీ పాటిస్తున్న ఆర్‌ఐఏఏ కొలత అదే.

పాత దారి: ఆర్‌సీఏ

ఎరుపు తెలుపు రంధ్రాలను మనవాళ్ళు ఏవీ పిన్ను అంటారు. వాటి పేరు ఆర్‌సీఏ. 1930లలో అమెరికాలోని రేడియో కార్పొరేషన్ సంస్థ గ్రామఫోన్‌ను రేడియోకు కలపడానికి చేసిన సాదా ఏర్పాటు అది. మధ్యలో ఒక మేకు, చుట్టూ ఒక రేకు. ఆనాటి పిన్ను ఈనాటి రంధ్రంలోకి ఇప్పటికీ సాఫీగా దిగుతుంది. ఇన్నేళ్ళలో ఎన్నో కంపెనీలు పుట్టాయి, మూతపడ్డాయి. ఆ కొలతను మాత్రం ఎవరూ చెడగొట్టలేదు. తరవాత వచ్చేవాళ్ళకు దారి వదిలి కట్టడం కూడా పనితనమే. పంతులుగారి ఇంట్లో ఆ రోజు పని జరగడానికి మూలం అదే.

ఆ రోజు నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఆలోచన కూడా ఇక్కడే వచ్చింది. పంతులుగారి దగ్గర హరికథల క్యాసెట్లున్నాయి. అవి మాటే ప్రధానమైనవి, కాబట్టి సౌండ్‌బార్‌లో వింటే ప్రతి పదం తెలుస్తుంది. కానీ క్యాసెట్ డెక్కు ఆంప్లిఫయర్‌కు కలిపి ఉంది. ఆంప్లిఫయర్ నుంచి బార్‌కు సిగ్నల్ ఎలా తేవాలి? స్పీకరు తీగ పనికిరాదు. మెకానిక్ ఆంప్లిఫయర్ వెనక రెక్ అవుట్ అని రాసి ఉన్న జత రంధ్రాలను వేలితో తడిమి చూపించాడు. ఒకప్పుడు రేడియోలోనో రికార్డులోనో వచ్చే పాటను టేపులోకి ఎక్కించుకోవడానికి పెట్టిన దారి అది. వాల్యూమ్ మర ఎటు తిప్పినా అందులో వచ్చేది మారదు, ఎప్పుడూ లైన్ లెవెలే. సౌండ్‌బార్ ఆక్స్ కోరేది సరిగ్గా అదే. ఏ పనీ లేకుండా పడి ఉన్న రంధ్రాలకు ఆయన ఆ పని అప్పజెప్పాడు. టేపు ప్లే రంధ్రాల్లోకి వచ్చేది మామూలుగా రెక్ అవుట్‌కు పోదు కాబట్టి డెక్కు ప్లే తీగల్ని మరో లైన్ ఇన్‌పుట్‌లో, బార్‌కు పోయే తీగల్ని రెక్ అవుట్‌లో పెట్టాలి. రెండూ తారుమారైతే నిశ్శబ్దమే మిగులుతుంది. అందుకే ముందు గీసుకున్న కాగితం చూసి మరీ గుచ్చాడు.

ఆ దారికి కావలసిన తీగ బజార్లో దొరుకుతుంది. అయినా గూటి నుంచి టీవీ బల్లదాకా ఉన్న దూరానికి సరిపడా ఆయనే చేశాడు. ముందుగా పిన్ను తొడుగును తీగలోకి ఎక్కించాడు. టంకం వేశాక గుర్తొస్తే లాభం లేదు, మళ్ళీ విప్పాల్సిందే. పై తోలు అరంగుళం గీకి, చుట్టూ ఉన్న సన్నటి రాగి పోగుల్ని ఒక పక్కకు దువ్వి మెలిపెట్టాడు. లోపలి తీగ కొసను కొంచెం ఒలిచాడు. తీగ కొసలకూ పిన్నులోని రేకులకూ విడివిడిగా లెడ్డు పూశాడు. ఆ తరవాతే రెండిటినీ ఆనించి వేడి తగిలించాడు. లెడ్డు కరిగి రెండు పక్కలా పారగానే ఐరన్ తీసేశాడు, చల్లారేదాకా చెయ్యి కదపలేదు. కదిలితే అతుకు పైకి బాగానే కనిపించినా నిలవదు. మెరుస్తూ నున్నగా ఉంటేనే మంచి అతుకు. అవతలి కొసన 3.5 మిల్లీమీటర్ల పిన్ను: మొనకు ఎడమ, మధ్య వలయానికి కుడి, మొదలు భాగానికి రాగి పోగులు. చివర మల్టీమీటర్ పెట్టి ఎడమకు ఎడమ, కుడికి కుడి కూత పెట్టించాడు. మధ్య తీగకూ పైపోగుకూ మధ్య కూత రాకూడదు. రాలేదు.

వెలుతురు దారి

టీవీ శబ్దాన్ని పాత ఆంప్లిఫయర్‌కు చేర్చడానికి మొదట సెట్‌టాప్ బాక్స్ ఎరుపు తెలుపు రంధ్రాల నుంచే తీగ లాగి చూశాడు. పాట వచ్చింది. దానితోపాటు సన్నటి గుమ్మనే మోత వచ్చింది. పాత ఆంప్లిఫయర్‌లో గుమ్మన్న శబ్దం రాగానే కెపాసిటర్ ఎండిపోయిందనుకోవడం మామూలు. ఆయన అలా తేల్చెయ్యలేదు. సెట్‌టాప్ బాక్స్ వెనకున్న కేబుల్ తీగను ఒక్క క్షణం విప్పాడు. మోత ఆగింది. తిరిగి పెట్టాడు. మోత వచ్చింది. రోగం ఆంప్లిఫయర్‌లో లేదని తేలిపోయింది. కేబుల్ తీగ పైతొడుగు వీధిలో ఎక్కడో భూమికి తగులుతోంది, ఆంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తుకు తగులుతోంది. ఈ రెండు భూముల మధ్య ఏర్పడిన చుట్టులో మన కరెంటు 50 హెర్ట్జ్ మోత తిరుగుతోంది.

దీనికి కొందరు చేసే అడ్డదారి చికిత్స ప్లగ్గు మీది ఎర్తు పిన్ను విరిచెయ్యడం. మోత పోతుంది, ప్రాణానికి కాపలా కూడా పోతుంది. పంతులుగారు అదే అడిగితే ఆయన ఒప్పుకోలేదు. “అది మాత్రం చెయ్యను సార్. ఇంట్లో పిల్లలున్నారు” అన్నాడు. దాని బదులు విద్యుత్ సంబంధమే లేని దారి వెతికాడు.

ఆ దారి టీవీ వెనకున్న ఆప్టికల్ రంధ్రం. 1983లో తోషిబా తెచ్చిన ఈ పద్ధతిలో తీగ లోపల రాగి ఉండదు, ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగు ఉంటుంది. అందులో సంగీతం ఎర్రటి వెలుతురుగా, వెలిగి ఆరుతూ పోతుంది. కరెంటు పోయే దారే లేదు కాబట్టి మోత పోవడానికీ దారి లేదు. మెకానిక్ తీగ కొసన ఉన్న చిన్న ప్లాస్టిక్ మూత తీశాడు. ఆ మూత తియ్యకుండానే గుచ్చి, తీగ పాడైందనుకునేవాళ్ళు చాలామంది. ఒక కొస టీవీలో పెట్టి, రెండో కొసను అరచేతికి దగ్గరగా పట్టాడు. అరచేతి మీద ఎర్రటి చుక్క పడింది. అప్పటికే హెచ్‌డీఎంఐ తీగ మీద సౌండ్‌బార్ వార్తలు చదువుతోంది. వెలుతురు ఒక్కటే రుజువు కాదు కానీ, ఈ టీవీ రెండు దారులకూ ఒకేసారి శబ్దం పంపుతుండవచ్చు. అన్ని టీవీలూ అలా పంపవు. కొన్ని ఒకదానికే పంపి రెండోదాన్ని మూసేస్తాయి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆయన మాత్రం ఎవరినీ అడగకుండా అరచేత్తోనే మొదటి ఆనవాలు పట్టాడు.

ఎర్రటి వెలుతురు పాత ఆంప్లిఫయర్‌కు అర్థం కాదు. మధ్యలో అగ్గిపెట్టెంత కన్వర్టర్ కావాలి. ఒకవైపు వెలుతురు తీసుకుని, రెండోవైపు ఎరుపు తెలుపు రంధ్రాల నుంచి లైన్ లెవెల్ ఇస్తుంది. అది పెట్టాక కూడా పాట రాలేదు. ఆయన కంగారు పడలేదు. టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి డిజిటల్ ఆడియో దగ్గర ఆటో అని ఉన్నదాన్ని పీసీఎం అని మార్చాడు. ఆటోలో ఉంటే టీవీ డాల్బీ డిజిటల్ మూటను కట్టినట్టే పంపుతుంది. మూట విప్పే శక్తి ఈ చిన్న కన్వర్టర్‌కు లేదు. పీసీఎం అంటే టీవీయే విప్పి రెండు ఛానెళ్ళుగా పంపుతుంది. వెంటనే చెక్కపెట్టెల్లోంచి తబలా పలికింది, ఒక్క చినుకు మోత కూడా లేకుండా.

ఆరు పిన్నుల 5.1 ఆంప్లిఫయర్ ఉన్న ఇంట్లో ఇదే పని ఇంకో రకంగా చెయ్యాలి. అక్కడ ఆటోనే ఉంచి, డాల్బీ డిజిటల్, డీటీఎస్ విప్పి ఆరు పిన్నులకు పంచే డీకోడర్ పెట్టాలి. డీవీడీల మీద వచ్చిన 5.1 శబ్దాన్ని మోయడానికి ఆప్టికల్ తీగ సరిపోతుంది. ఓటీటీల్లో ఇప్పుడు ఎక్కువగా వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను అది మోయలేదు. దానికి హెచ్‌డీఎంఐ దారే కావాలి.

ఆ హెచ్‌డీఎంఐ దారి కథ కూడా పనివాళ్ళు మెచ్చుకోవాల్సిందే. మొదట్లో ఆ తీగ శబ్దాన్ని టీవీ లోపలికే తెచ్చేది. 2009లో వచ్చిన 1.4 ప్రమాణంలో ఏఆర్‌సీ చేర్చి, అదే తీగలో శబ్దం టీవీ నుంచి వెనక్కి వచ్చేలా చేశారు. రంధ్రం ఆకారం మారలేదు, తీగ మారలేదు, లోపల వాడకుండా మిగిలిన దారికి పని దొరికింది. 2017లో 2.1 ప్రమాణంతో వచ్చిన ఈఏఆర్‌సీ దాన్ని ఇంకా వెడల్పు చేసింది. కోయిలకుంట్ల మెకానిక్ రెక్ అవుట్ రంధ్రంతో చేసిందీ ప్రపంచ స్థాయి ఇంజినీర్లు ఏఆర్‌సీతో చేసిందీ ఒకే జాతి ఆలోచన. ఉన్నదానిలో ఖాళీగా ఉన్న చోటును గుర్తించి పనికి పెట్టారు.

క్యాసెట్ దారి మీద కూడా ఆయన కన్ను వెయ్యకుండా వదల్లేదు. రెక్ అవుట్ నుంచి సౌండ్‌బార్‌కు రాగి తీగ వేస్తే, బార్ హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి, టీవీ సెట్‌టాప్ బాక్స్ ద్వారా కేబుల్‌కు కలిసి ఉంది కాబట్టి పాత చుట్టు మళ్ళీ మూసుకుంటుంది. మోత వచ్చాక సరిచేద్దామని ఆగలేదు. ఆ తీగ మధ్యలో ముందే చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు. అందులో సంగీతం అయస్కాంత క్షేత్రం మీదుగా దాటుతుంది, రెండు పక్కల రాగి మాత్రం తగలదు. మొదటి మోత నేర్పినదాన్ని రెండో చోట అది పుట్టకముందే వాడుకున్నాడు.

రెండు గొంతులు ఒకేసారి వద్దు

అన్నీ కలిశాక కొడుకు సౌండ్‌బార్, పాత పెట్టెలు ఒకేసారి మోగించమన్నాడు. మెకానిక్ మోగించి చూపించాడు. వార్తలు చదివే అమ్మాయి ప్రతి మాటా రెండుసార్లు పలికినట్టు, బావిలోంచి వచ్చినట్టు వినబడింది. సౌండ్‌బార్ తన లోపల శబ్దాన్ని సవరించడానికి కొంత కాలం తీసుకుంటుంది, పాత ఆంప్లిఫయర్ ఏ సవరణా చెయ్యదు. ఒకే మాట రెండు చోట్ల నుంచి 30 మిల్లీసెకన్ల లోపు తేడాతో వస్తే మన చెవి రెంటినీ ఒకటిగా కలుపుకుంటుంది. 1949లో హెల్ముట్ హాస్ రాసిన పరిశోధన చెప్పింది ఇదే. తేడా అంతకన్నా బాగా పెరిగితే ప్రతిధ్వని మొదలవుతుంది. బార్ సెట్టింగుల్లో దీన్ని సరిచెయ్యడం కష్టం, ఎందుకంటే బార్ ఇంకా ఆలస్యం చెయ్యగలదే తప్ప తొందరపడలేదు.

ఆయన తీర్పు సూటిగా ఉంది. “పాటకు పాత ఆంప్లిఫయర్, మాటకు సౌండ్‌బార్. ఏది వినాలంటే దాన్నే వినండి.” వార్తలు, సీరియళ్ళు, హరికథలు బార్‌లో. పాటలు, కచేరీలు చెక్కపెట్టెల్లో. పెట్టెలు మోగేటప్పుడు బార్‌ను దాని రిమోట్‌తోనే మ్యూట్ చెయ్యాలి. పాత ఆంప్లిఫయర్ వాల్యూమ్‌ను దాని మరతోనే తిప్పుకోవాలి, ఎందుకంటే ఆప్టికల్ తీగలో వచ్చే బలం టీవీ రిమోట్‌కు లొంగదు. కొడుక్కు మొదట నిరాశగా అనిపించింది. రెండు రకాలుగానూ విన్నాక తనే ఒప్పుకున్నాడు.

పెట్టెలు, రాళ్ళు, మిద్దెలు

చెక్కపెట్టెల్లో ఒకటి కొంచెం డొల్లగా పలుకుతోంది. ముందు జాలీ తీసి వూఫర్ అంచు వేలితో నొక్కి చూశాడు. ఫోమ్ రింగు బాగానే ఉంది. పది పదిహేనేళ్ళు దాటిన ఫోమ్ రింగులు చాలావాటికి పొడిపొడిగా రాలిపోతాయి, అప్పుడు కొత్త రింగు అంటించాలి. ఇక్కడ లోపం తీగ వరసలో ఉంది. ఆంప్లిఫయర్ నుంచి తీగలు విప్పి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని వాటి కొసలకు ఒక్క క్షణం తాకించాడు. ఒక పెట్టె కోన్ ముందుకొచ్చింది, రెండోది లోపలికి పోయింది. ఎప్పుడో ఎవరో ప్లస్, మైనస్ తిప్పి బిగించారు. ఒకటి గాలిని తోసేటప్పుడు రెండోది లాగేస్తే మంద్రం ఎగిరిపోతుంది. తీగ మార్చి బిగించగానే మృదంగం గుమికి దమ్ము వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ పెట్టెల గొంతే అంత అనుకున్నామని పంతులుగారు ఆశ్చర్యపోయారు.

ఇల్లు కూడా వాయిద్యంలో భాగమే. బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు గనుల నుంచి వచ్చే నాపరాళ్ళను ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళ నేల మీద పరుస్తారు. వేసవిలో చల్లగా ఉంటాయి. శబ్దాన్ని మాత్రం పీల్చుకోవు, తిప్పికొడతాయి. అందుకే మెకానిక్ బార్ ముందు నేల మీద మందపాటి జంపఖానా పరిపించాడు, బార్‌ను గూటి లోపల పెట్టనివ్వకుండా బల్ల అంచుకు జరిపాడు. ఇంటి కప్పు సిమెంటుది. పైకి శబ్దం విసిరి కప్పు మీంచి కిందికి దించే రకం సౌండ్‌బార్లకు చదునైన, మరీ ఎత్తు లేని గట్టి కప్పే కావాలి. దూలాలు, దంతెల మీద మట్టి కప్పిన పాత మిద్దెల్లో ఆ రకం బార్ కొంటే సగం డబ్బు దూలాల మధ్యే ఇరుక్కుపోతుంది. అలాంటి ఇంటికి మంచి స్టీరియో పెట్టెలే సరైనవని ఆయన సలహా. మట్టి మిద్దె ప్రతిధ్వనిని మింగేస్తుంది కాబట్టి వాటిలో పాట చాలా శుభ్రంగా వినబడుతుంది కూడా.

పని అయ్యాక పరీక్షకు ఏం పెట్టాలని అడిగితే, ఊళ్ళో చాలామంది కోరేదే పంతులుగారూ కోరారు: 2019లో వచ్చిన సైరా నరసింహారెడ్డి. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసి, 1847 ఫిబ్రవరి 22న ఇదే ఊళ్ళో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఇక్కడివాళ్ళకు ఇంటి కథ. సంభాషణలు బార్‌లో విన్నాం. సినిమా శబ్దంలో మాట ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటుంది, టీవీ కిందే ఉన్న బార్ ఆ మాటను బొమ్మ నోటి దగ్గరే నిలబెడుతుంది. పాట రాగానే పెట్టెలకు మారాం. వాద్యాలు గది వెడల్పంతా పరుచుకున్నాయి. రెండు మూరల పొడవున్న బార్ పదడుగుల ఎడంగా ఉన్న రెండు పెట్టెల పని చెయ్యలేదు. ఆ రెండు పెట్టెలు మధ్యలో లేని బార్ పనీ చెయ్యలేవు. మెకానిక్ చేసిన పంపకం ఎంత సరైనదో అక్కడ చెవులారా తేలింది.

వెళ్ళేముందు ఆయన ప్రతి తీగకూ రెండు కొసలా తెల్ల టేపు చుట్టి తెలుగులో పేర్లు రాశాడు: టీవీ వెలుతురు తీగ, క్యాసెట్, హరికథ దారి. మొదట గీసిన కాగితాన్ని ఆంప్లిఫయర్ మూత మీద అంటించాడు. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో నాలుగు వరసల్లో పెద్ద అక్షరాలతో రాసి పంతులుగారి భార్యకు చదివి వినిపించాడు, ఆవిడ చేత ఒకసారి చేయించాడు. తను మళ్ళీ రావలసిన అవసరం లేకుండా పని ముగించే మనిషి తన వ్యాపారం కన్నా మీ వినికిడిని పెద్దదిగా చూస్తున్నాడు.

సౌండ్‌బార్ కొనాలనుకునేవాళ్ళకు ఇందులోంచి తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కొనేముందు ఇంట్లో ఉన్న ప్రతి పెట్టె వెనకవైపూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బార్‌కు ఏఆర్‌సీతోపాటు ఆప్టికల్, ఆక్స్ రంధ్రాలు కూడా ఉన్నవే చూసుకోండి. టీవీ రెండు దారుల్లో ఒకేసారి శబ్దం ఇస్తుందో లేదో దుకాణంలోనే పరీక్షించండి. ఏ తీగ పెట్టినా, తీసినా ముందు కరెంటు ఆపి, వాల్యూమ్ సున్నాకు దించండి. పాత పెట్టెలు మోగుతున్నంతకాలం పాత ఇనుము బండికి వెయ్యకండి.

మెకానిక్‌కు డబ్బులిచ్చేటప్పుడు తీగల ధర లెక్కగట్టి బేరం చెయ్యకండి. ఆ రోజు వాడిన తీగలు, కన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిపినా పెద్ద ఖరీదు కాదు. ఏ రంధ్రం ఇచ్చేదో, ఏది తీసుకునేదో, మోత ఎక్కడ పుడుతోందో, ఎవరికి ఏ పని అప్పగించాలో తేల్చిన ఆ బుర్రకే అసలు కూలి. ఆ కూలి మనం సరిగ్గా ఇస్తేనే ఈ చదువు ఆయన దగ్గర ఆగిపోకుండా, పక్కన కూర్చుని లెడ్డు అందిస్తున్న కుర్రాడిదాకా చేరుతుంది.